వెనక వరుస సోములు

"ఒరే, అరవకు! లోపల మీ మావ తాళమేస్తన్నాడు" అని కొబ్బరిబొండాల బండివాణ్ణి సందు మొదట్లోనే ఆపేసింది జగ్గమ్మ. అప్పటికే కుక్కరు దించేసింది, ఫ్యాను కట్టేసింది, కోడిని గంప కింద మూసేసింది. రికార్డింగు ఉన్న పొద్దున ఆమెకు ఊరంతా శత్రువులే.

ఆమె మొగుడు సోములు జీవితమంతా సన్నాయి మేళంలో తాళాలు వేసినవాడు. ఎండకు నల్లబడ్డ బక్క మనిషి. కుడిచేతి బొటనవేలు కాయ కాసిపోయింది. విజయనగరం చుట్టుపక్కల ఏ పెళ్లి ఫొటో చూసినా, సన్నాయి ఊదేవాడి వెనక అతని సగం భుజం మాత్రం ఉంటుంది. డీజేలు వచ్చి మేళం చెదిరిపోయింది. సన్నాయివాడు పలాసలో, డోలువాడు టెక్కలిలో, శ్రుతిపెట్టెవాడు బొబ్బిలిలో పడ్డారు. వాళ్లను ఫోనులో మళ్లీ కలిపినవాడు ఎచ్చెర్లలో ఉంటున్న గోవింద్, డోలు వాయించేవాడి కొడుకు.

మొదట వీడియో కాల్లో అంతా కలిసి వాయించబోతే, ఒకరి మోత ఇంకొకరికి ఆలస్యంగా చేరి సంత గోలైంది. అందుకని ముందు సోములు ఒక్కడే తాళం వేసి వాట్సాప్‌లో పంపుతాడు. అది చెవిలో పెట్టుకుని ఎవరింట్లో వాళ్లు వాయించి పంపుతారు. గోవింద్ అన్నీ అతికించి, చివర్న సోములు తాళం తీసేసి యూట్యూబులో పెడతాడు. ఫోనులో పట్టిన ఆ కంచు మోత చెవులు కొరికేస్తుందట. జగ్గమ్మకు కడుపు మండేది అక్కడే.

"ఈ ఒక్క పాటలోనైనా నీ తాళం ఉంచమని సెప్పొచ్చు కదా?" అంది అన్నం వడ్డిస్తూ.

"ఇల్లు కట్టీసాక పరంజీ కర్రలు ఉంచుతారేటే?" అని నవ్వేశాడు సోములు.

నవ్వుతాడే గానీ, పాట వచ్చాక వింటున్నంతసేపూ అతని వేలు తొడ మీద, తన మోత ఉండాల్సిన చోటల్లా పడుతూనే ఉంటుంది. అది చూసి ఊరుకోవడం ఆమె వల్ల అయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నం తిని చాప మీద నడుం వాల్చినవాడు మరి లేవలేదు. టీ పట్టుకొచ్చి పిలిచింది, తట్టి చూసింది. పొద్దున పంపిన తాళం అప్పటికే పలాస చేరిపోయింది.

కర్మలన్నీ అయ్యాక గోవింద్ వచ్చాడు. గుమ్మంలో కూర్చుని ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"పాట అయిపోయింది పిన్నీ. తాళం తీసేసి పంపితే, మేళం ముగ్గురూ ఒకటే అడిగారు, సోములేడిరా అని. మళ్లీ పెట్టీసాను."

సన్నాయి, డోలు, శ్రుతి, వాటి వెనక చిన్నగా, తొందర పడకుండా, ఆయన. జగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది.

"ఇంకోపాలి పెట్టు నాయనా" అంది.

లోపలి గదిలో, వీధి చప్పుడు రాకుండా ఆ పొద్దున ఆయన కిటికీ ఊచల్లో కుక్కిన దిండు, పిడికిలి నొక్కిన గుంటతో అలాగే ఉంది.