పద్మిని ఈనిన చలికాలం

శనివారం పొద్దున కాఫీ తాగగానే చక్రధర్ గ్యారేజీలోకి వెళ్తాడు. ఇండియా నుంచి ఓడలో తెప్పించుకున్న పాత కార్లు నాలుగున్నాయి అక్కడ: అంబాసిడర్, కాంటెస్సా, జీపు, పద్మిని. దుప్పట్లు తీసి, ఒక్కోదాన్నీ కాసేపు స్టార్ట్ చేసి, తుడిచి, మళ్లీ కప్పేస్తాడు. బయటికి మాత్రం తియ్యడు. వాళ్లుండే రిచ్‌మండ్ హిల్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలితే రేకు తుప్పు పట్టిపోతుంది. పోనీ వేసవిలో తియ్యొచ్చు కదా అంటే, దుమ్మంటాడు.

ఆ జనవరిలో పద్మిని ఈనింది.

ముందే పసిగట్టింది భార్య బాలత్రిపురసుందరి. "నెల నుంచి పెట్రోలు ముట్టడం లేదు. డిక్కీ ఎలా దిగిందో చూశారా?" అంది. ఒకరోజు పొద్దున చూస్తే తల్లి బంపరు పక్కన, స్టూలంత ఎత్తున, నూనె తడి ఆరని చిన్న కారు. ముఖం పద్మినిదే. బానెట్ మాత్రం అచ్చం కాంటెస్సాది. "అడక్కండి, బావుండదు," అని సుందరి పాత తువ్వాలుతో దాన్ని తుడిచింది. ఎదురింటి విశ్వనాథం గారు వచ్చి, దిష్టి తగలకుండా నిమ్మకాయ కట్టి, కాఫీ తాగి వెళ్లారు.

చక్రధర్‌కి కాలు నేల మీద నిలవలేదు. లోకంలో ఇంకెవరి దగ్గరా లేని కారు. దానికి కొలతలిచ్చి దుప్పటి కుట్టించాడు, హీటర్ పెట్టించాడు. అయినా పిల్ల ఎదగలేదు. తాగిన పెట్రోలు కక్కేది. ఇంజన్ చప్పుడు రోజురోజుకీ సన్నబడింది.

"దక్కుతుందంటావా?" అని అడిగాడు. సుందరి హీటర్‌ని ఇంకాస్త దగ్గరికి జరిపింది.

వాళ్ల బేస్‌మెంట్‌లో కావ్యశ్రీ అద్దెకుంటోంది. ఆ ఏడాది వేలల్లో వచ్చిపడిన స్టూడెంట్లలో ఒకతె, కరీంనగర్ అమ్మాయి. కాలేజీ స్కార్‌బరోలో, సగం రోజు బస్సుల్లోనే పోయేది. గ్యారేజీ పక్క నుంచి ఆమె బూట్ల చప్పుడు వినబడితే పిల్ల కారు లైట్లు వెలిగేవి.

ఒక పొద్దున గ్యారేజీ తలుపు ఓరగా ఉంది. పిల్ల లేదు. బయట మంచులో కావ్యశ్రీ అడుగులు, వాటి వెనకే సన్నటి టైర్ల గుర్తులు. చక్రధర్ ఇంటి చెప్పులతోనే పరిగెత్తాడు. పోనుపోను ఆ గుర్తులు వెడల్పయ్యాయి.

బస్‌స్టాప్ దగ్గర దొరికింది. ఇప్పుడది మనుషులు పట్టేంత కారు. తలుపుల దాకా ఉప్పు. ఇంజన్ మాత్రం హాయిగా, నిండుగా మోగుతోంది. సీట్లో చేతులు కాచుకుంటూ కావ్యశ్రీ.

"నేను పిలవలేదంకుల్, అదే వెంటబడి వచ్చింది. వెనక్కి తోలుదామంటే కదులుతలేదు," అంది భయంగా.

ఆ ఉప్పు చూసి చక్రధర్ గబగబా దగ్గరికెళ్లాడు. చేత్తో తుడవబోయాడు. రేకు వెచ్చగా ఉంది. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ ఆ సన్నటి చప్పుడే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లైసెన్స్ ఉందా?"

"ఉందంకుల్."

"సాయంత్రం రాగానే అడుగున కూడా కడగాలి. ఉప్పు మిగలకూడదు."

"సరే అంకుల్."

కారు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉన్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

చదువయ్యాక కావ్యశ్రీకి సర్రీలో జాబ్ వచ్చింది, సొంత కారున్నవాళ్లకే ఇచ్చే జాబ్. దేశం ఈ చివర నుంచి ఆ చివరికి ఆ కారే తీసుకెళ్లింది. ఇప్పుడెవరైనా మీకెన్ని కార్లండీ అని అడిగితే చక్రధర్ గొంతు సవరించుకుంటాడు.

"ఐదండీ. నాలుగు ఇంట్లోనే ఉంటాయి. ఒకటి సర్రీలో జాబ్ చేస్తోంది."