ఒంటిగంట కూత

మిల్లు మూతపడ్డాక పన్నెండేళ్లు ఆ వీధి షట్టర్లకు తుప్పు పట్టడం తప్ప వేరే పని లేకపోయింది. పోయినేడు మిల్లును మ్యూజియం చేశారు. పాత యంత్రాలు చూడ్డానికి జనం బస్సుల్లో దిగసాగారు. గేటు ఎదురుగా ఉన్న అత్తాకోడళ్ల టీకొట్టులో కోడలికి పనితో ఊపిరాడటం లేదు. పక్క కొట్టు టైలరు బట్టసంచులు కుట్టి అమ్ముతూ కాస్త ఒళ్లు కూడా చేశాడు.

జనానికి అన్నిటికంటే నచ్చింది మిల్లు సైరను వేసే ఒంటిగంట కూత. ఒకప్పుడు పనివాళ్లను భోజనానికి వదిలిన కూతనే ఇప్పుడు చూడవచ్చిన వాళ్లకోసం వేస్తున్నారు.

అది పడితే చాలు, కొట్టు వెనక గదిలోని అత్త జుట్టు ముడేసుకుని, ఖాళీ క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఆ మిల్లులోనే పనిచేసిన కొడుకు, అది మూసిన ఏడాదే గుండె ఆగి పోయాడు. ఆ సంగతి ఆమె మతిలోంచి జారిపోయింది. కాసేపు చూసి, "వీడికి ఓవర్‌టైం పడ్డట్టుంది" అనుకుంటూ తనే తిరిగొచ్చేది.

ఒకరోజు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఆమెను ఫొటో తీసి, "వేషం భలే కుదిరింది. జీతమెంతిస్తారు?" అన్నాడు.

కోడలు వెళ్లి అత్తను లోపలికి తీసుకొచ్చింది. కూత ఆపమని మ్యూజియం వాళ్లను అడుగుతానని టైలరుతో అంది.

"బస్సులు ఆగేదే ఆ కూత కోసం వదినా," అన్నాడు టైలరు. "అది పోతే మళ్లీ ఈగలు తోలుకోవాలి. నా ఈగలు కూడా నీ టీకొట్టుకే వస్తాయి."

"తోలుకుందాంలే. ఆవిడేం ఆడించే బొమ్మ కాదు."

మ్యూజియం అధికారి మెత్తని మనిషి. వారం ఆపి చూద్దామన్నాడు.

మర్నాడు ఒంటిగంట దాటింది. రెండయింది.

"కూత పడలేదేమే?" అంది అత్త.

"ఇక పడదత్తయ్యా. ఆపేశారు."

"మిల్లు మూసేశారా?"

అబద్ధం కాదు కదా అని కోడలు తలూపింది.

అత్త క్యారేజీ ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపు చూసింది. "మూసేస్తే వాడు ఇంటికి రావాలిగా. ఏడీ?"

కూత వినబడినన్నాళ్లూ ఆమె లెక్కలో కొడుకు లోపల పనిలోనే ఉన్నాడని కోడలికి అప్పుడు తెలిసింది. కోడలి మొహం చూసి, కొడుకు లేడని అత్తే తెలుసుకుంది.

"ఎప్పుడే?" అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రమే కోడలు అధికారి దగ్గరికి పరుగెత్తి, కూత మళ్లీ వేయించమని బతిమాలింది. పొద్దున్నే లేచి, ఏనాడూ లేనిది క్యారేజీలో అన్నం, కూర సర్దింది.

ఒంటిగంటకు వీధి అదిరేలా కూత పడింది. కొట్టు ముందు జనం మూగారు. కోడలు మరిగే టీ వదిలేసి లోపలికి వెళ్లింది. అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"లేవండత్తయ్యా. కూత పడింది, గేటు దగ్గరికి పోదాం."

అత్త ఇటు తిరగలేదు.

"వాడే లేనప్పుడు ఎవరి మిల్లే అది?" అంది.