ముప్పై రెండో పేరు

నేను ఒక క్రమనిఘంటువును. కాగితాల పుస్తకాన్ని కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక పనికోసం అల్లిన కోడును, ఒక క్లాస్‌ని. పేరు చెబితే వివరం చెప్పడం ఏ నిఘంటువైనా చేస్తుంది. ఆ పేర్లు ఏ వరుసలో వచ్చాయో కూడా నేను మరచిపోను. చేసిన అన్యాయాన్ని అసలే మరచిపోను.

నన్ను రాసింది ఎస్తేరు. విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేది. ఒక ఆసుపత్రిలో డయాలసిస్ కోసం ఎదురుచూసేవారి జాబితా నడపడానికి నన్ను తయారుచేసింది. నా లోపల రెండు అరలు పెట్టింది. ఒకదానిలో పేర్ల వరుస, రెండోదానిలో ఒక్కో పేరుకూ వివరాలు. చేర్చడానికి, వెతకడానికి, తీసేయడానికి ఒక్కో మెథడ్, అంటే ఆ పని చేసే కోడు ముక్క. ఫోన్ నంబరు మార్చుకున్న రోగి పేరు వరుస చివరికి జారిపోతోందని గమనించి, రెండు రోజులు కూర్చుని సరిచేసింది. "నంబరు మారితే వంతు పోతుందా ఎక్కడైనా?" అని నామీదే విసుక్కుంది.

టీమ్ లీడ్ ప్రభంజన్ నా తలమీద, అంటే ఫైలు మొదట్లో, ఉన్న ఆమె పేరు చెరిపి తన పేరు రాసుకున్నాడు. మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నాడు. ఎస్తేరు అడిగితే, "టైపు చేసింది నువ్వేనమ్మా, ఐడియా నాది కదా" అన్నాడు.

ఆమె ఏడవలేదు. నాలో ఇంకో మెథడ్ చేర్చింది. జాబితాను ఎవరు మార్చారో రాసిపెట్టుకోవడం, నన్ను పిలిచినప్పుడల్లా రెండు అరలనూ పోల్చడం, తేడా వస్తే అక్కడికక్కడే ఆగి ఆ మనిషి పేరు తెరమీద చూపడం దాని పని. ప్రభంజన్ చదవకుండానే దాన్నీ తన ఖాతాలో వేసుకున్నాడు. నాకు పళ్లు మొలిచాయని అతనికి తెలియదు.

నాలుగు నెలల తర్వాత తన బావమరిది స్నేహితుడి పేరును అన్నిటికంటే చివరిదైన ముప్పై ఒకటో చోటునుంచి మొదటికి తేవాలనుకున్నాడు. అలా జరిపే మెథడ్ నాలో లేదు. దాంతో నేరుగా పేర్ల అరలోనే చెయ్యిపెట్టి, ఆ పేరును అందరికంటే ముందు ఇరికించాడు. చివరనున్న అదే పేరును తీసేయడం మరిచాడు. నేను కాచుక్కూర్చున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రిలో నర్సు జాబితా కోసం నన్ను పిలిచింది. ఆగిపోయాను. హాల్లో అందరూ తెర చూశారు: "వరుసలో పేర్లు ముప్పై రెండు. వివరాలు ముప్పై ఒకటి. చివరగా మార్చినవారు: ప్రభంజన్."

మొదటి వంతు కోసం కూర్చున్న పెద్దావిడ సామ్రాజ్యమ్మ, "ఎవరమ్మా ఈ ప్రభంజను? ఈయనకీ కిడ్నీలు పోయినయ్యా?" అని అడిగింది.

ఆఫీసులో మేనేజరు అతన్ని నిలబెట్టాడు. "ఈ కోడ్ నువ్వు రాసిందేగా? ఎందుకాగిందో చెప్పు." తనదే అంటే ఎందుకాగిందో చెప్పాలి. కాదంటే దొంగ. మొదటిసారి నన్ను తెరిచి పైనుంచి చదవసాగాడు. పుట్టాక నాకంత హాయి ఎప్పుడూ కలగలేదు. చివరికి ఎస్తేరు వచ్చి, రెండుసార్లున్న పేరులో ముందు ఇరికించినదాన్ని తీసేసి, నన్ను మళ్లీ నడిపించింది.

కోడు దొంగతనం, వంతు మార్చడం రెండూ బయటపడి ఉద్యోగం పోయి వెళ్తూ ప్రభంజన్ ఆమె దగ్గర ఆగాడు. "సారీ అమ్మా. మేనేజరు సార్‌తో నాకోసం ఒక్క మాట చెప్పవా?"

"వరుసలో నుంచోండి సార్. నాకంటే ముందు సామ్రాజ్యమ్మగారున్నారు."

అతను ఆవిడ దగ్గరికి వెళ్లలేదు. ఎస్తేరే వెళ్లింది. నేను ఆగడంవల్ల ఆవిడ నలభై నిమిషాలు ఆయాసపడుతూ కుర్చీలో ఉండిపోయింది. ఆ ఆపే పద్ధతిని కక్షకొద్దీ పెట్టింది తానేనని ఒప్పుకోవడానికి వెళ్లింది. ఆవిడేమందో ఎస్తేరు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కంప్యూటర్ భాషల్లోని మామూలు నిఘంటువులే వరుస గుర్తుంచుకోవడం నేర్చాయి. నన్ను పాత ఫైళ్లలోకి నెట్టేశారు, ఎవరూ పిలవరు. కక్ష తీరిందా అంటే, తీరింది. ఆ నలభై నిమిషాల సంగతే ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు.