దమయంతి టీచరుగారి హెయిర్ డ్రయ్యరు

నేను ఒక హెయిర్ డ్రయ్యర్‌ని. ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. లోపల చిన్న మోటారు, దాని ముందు తీగచుట్ట, పైన గులాబీరంగు ప్లాస్టిక్ తొడుగు. నా అట్టపెట్టె మీద ఒక అమ్మాయి జుట్టు ఎగరేసుకుంటూ నవ్వుతూ ఉండేది. ఆ అమ్మాయికీ నాకూ ఏ సంబంధమూ లేదు. ఆ జుట్టుకీ ఆ అమ్మాయికీ కూడా ఉండి ఉండదు.

మొదట రామచంద్రపురంలో ఒక బ్యూటీ పార్లరులో పనిచేశాను. పెళ్లికూతుళ్ల తలలు ఆరబెడుతూ, కాబోయే అత్తగార్ల మీద వాళ్లకున్న అభిప్రాయాలన్నీ విన్నాను. నా రొదలో ఎవరికీ వినబడదనుకుని మరీ గట్టిగా చెప్పేవారు. ఆ పార్లరు మూతపడ్డాక కాకినాడలో హిందీ టీచరు దమయంతిగారి చేతికొచ్చాను.

దమయంతిగారు ఒంటరిగా ఉంటారు. ఈ మాట అపార్టుమెంటువాళ్లు జాలిగా అంటారు, ఆవిడ హాయిగా అంటారు. బళ్లో పాఠాలు చెప్పగా మిగిలిన తెలివినంతా పక్కవాళ్ల గుట్టు లాగడానికి వాడతారు. లిఫ్టులో ఎవరు ఉమ్మారో, ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కెళ్లారో ఆవిడే తేల్చాలి. తేల్చమని ఎవరూ అడగరు, అది వేరే సంగతి. ఇక నన్ను జుట్టుకన్నా మెత్తబడ్డ అప్పడాలకే ఎక్కువ వాడేవారు.

ఆ వేసవిలో అపార్టుమెంటులో ఆవకాయ పోటీ పెట్టారు. రుచి చూసి తీర్పు చెప్పేది అసోసియేషన్ ప్రెసిడెంటు గున్నేశ్వరరావుగారు. రిటైరై చాలాకాలమైనా ఆయన జుట్టు బొగ్గులా నిగనిగలాడుతూ ఉంటుంది. "మా వంశంలోనే తెల్లజుట్టు లేదండీ" అని అడగనివాళ్లకి కూడా చెబుతారు. కింద సెల్లారు గదిలో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే రామతులసి కూడా పోటీకి ఒక జాడీ తెచ్చింది. ప్రెసిడెంటుగారు అందరివీ నాలిక్కి రాసుకుని, ఆమెది మాత్రం అన్నంలో కలుపుకుని తిని, బహుమతి ఆమెకే అన్నారు.

సాయంత్రానికి ఆయన మొహం పూరీలా పొంగింది, కళ్లు మూసుకుపోయాయి. డాక్టరు ఎలర్జీ అన్నాడు. ఏం తిన్నారని అడిగితే ఆయన క్షణం కూడా ఆలోచించకుండా, "రామతులసి ఆవకాయ" అన్నారు.

అంతే. మధ్యాహ్నం వేళ్లు నాకినవాళ్లందరికీ ఆ నూనె వాసన అప్పుడే తేడాగా అనిపించిందట. మనుషుల నాలుకకి జ్ఞాపకం ఎంత ఆలస్యంగా వస్తుందో! ఆర్డరిచ్చినవాళ్లు వద్దన్నారు. వచ్చే ఆదివారం మీటింగు పెట్టి ఆమె చేత గది ఖాళీ చేయిద్దామన్నారు.

రామతులసి మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. "గది పోతే పోయిందండీ టీచరుగారూ. నా చేత్తో పెట్టింది తిని ఒక మనిషి మంచాన పడ్డాడంటే ఇక కారంలో చెయ్యి పెట్టలేనండి. నిజంగా నావల్లేనంటారా?"

"ఏడుపు తర్వాత, ముందు ఆ జాడీ పట్రా" అన్నారు దమయంతిగారు.

పరిశోధన అని పేరు పెట్టి రెండు పూటలా ఆ ఆవకాయే తిన్నారు. ఏమీ కాలేదు. ఎంతో బాధ్యతగా మర్నాడు కూడా పరిశోధించారు. తర్వాత, పోటీలో ఓడిన పైఅంతస్తు ఆవిడే జాడీలో ఏదో కలిపి ఉంటుందని అడగడానికి వెళ్లారు. ఆ తలుపు ధడాలున మూసుకున్న చప్పుడు డ్రెస్సింగ్ టేబులు మీదున్న నాక్కూడా వినిపించింది.

ఆఖరికి బత్తాయిలు పట్టుకుని ప్రెసిడెంటుగారిని పలకరించి వచ్చి, తల ఆరబెట్టుకుంటూ అద్దంతో అన్నారు: "చెవి వెనక ఆ నల్లమచ్చేమిటండీ అంటే పుట్టుమచ్చట. అరవై దాటాక పుట్టిందేమో పాపం. పైగా ఆరోజు పచ్చడి ముట్టకముందే గరిటె కాడతో తల గోక్కుంటున్నాడు, ఇప్పుడేమో గంటకోసారి తలమీద చన్నీళ్లు పోసుకుంటున్నాడట." అని ఉన్నట్టుండి నన్ను ఆపేసి, నావంకే చూస్తూ ఉండిపోయారు.

ఆదివారం నన్ను సంచిలో వేసుకుని మీటింగుకెళ్లారు. వాపు కాస్త తగ్గింది కానీ దురద తగ్గలేదట, ప్రెసిడెంటుగారు తలమీద చన్నీళ్లు గుమ్మరించుకుని తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. రామతులసి ఓ మూల నిలబడి ఉంది.

"తడితలతో ఎంతసేపుంటారండీ, జలుబు చేస్తుంది" అంటూ దమయంతిగారు మైకు వైరు పీకి నా వైరు పెట్టారు.

"వద్దు టీచరుగారూ, వద్దన్నానా!"

"ఆరబెట్టించుకోండి, పోయేదేముంది" అంటూ ఆయన భార్య సీతారత్నంగారు తువ్వాలు లాగేశారు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేను ఏ పెళ్లికూతురి మొహంలోనూ చూడలేదు.

చల్లగాలి మీట నొక్కారు. జుట్టు పాయలు పాయలుగా విడిపోయింది. కుదుళ్ల దగ్గర తెలుపు, ఆ కింద మాడంతా ఎర్రటి దద్దుర్లు, చెవుల చుట్టూ నల్లటి మరకలు. అందరూ కుర్చీల్లోంచి లేచి మరీ చూశారు.

"ఏ రంగండీ ఇది?" అన్నారు దమయంతిగారు, పిల్లల్ని పాఠం అడిగినట్టు.

ఆయన తువ్వాలు కోసం చెయ్యి చాచారు. సీతారత్నంగారే అందుకున్నారు. "పోటీలో జుట్టు నల్లగా కనబడాలని ముందురోజు ఏదో కొత్తరంగు పూసుకున్నారు. మొహం వాచాక, ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు. నేనేం చెప్పలేదు, మీరే చూశారు."

రామతులసి మెల్లగా ముందుకొచ్చింది. "అయితే నా ఆవకాయ వల్ల కాదు కదండీ?"

"కాదమ్మా" అన్నారాయన నేల చూస్తూ.

"అందరికీ వినబడేలా చెప్పండి బాబూ."

మైకుకి కరెంటు లేదు, దాని చోట్లో నేనున్నాను కదా. ఆయన గొంతెత్తి చెప్పాల్సి వచ్చింది. "ఆవకాయ వల్ల కాదు! తప్పు నాదే, తులసమ్మా!"

అప్పుడు ఏడ్చింది రామతులసి, వారం నుంచీ దాచుకున్నదంతా. గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తేడా వాసన చూసినవాళ్లే సాయంత్రానికి గిన్నెలు పట్టుకుని ఆమె తలుపు దగ్గర నిలబడ్డారు.

ఈమధ్య నా మోటారు కాలిపోయింది. ఇవాళ పొద్దున్న పాతసామాన్లవాడి తోపుడుబండి మీద, ఒక విరిగిన ఫ్యాను రెక్క పక్కకి చేరాను. అతను నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "అసలిది ఎప్పుడైనా సరిగ్గా పనిచేసిందా అమ్మా?" అనడిగాడు.

"జుట్లు ఆరబెట్టడానికైతే అంతంతమాత్రమే" అన్నారు దమయంతిగారు. అని, నన్ను బండి మీంచి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, మళ్లీ ఇంట్లోకి తీసుకుపోయారు.