వశిష్ఠుడిలో ఇనుము

పోతయ్య పెట్రోమాక్స్‌కు పంపు కొడుతున్నాడు. వంగిన వీపు, కిరసనాయిలు వాసనా మసీ వదలని చేతులు. ములకలపల్లి చుట్టుపక్కల పెళ్లంటే ఆ లైట్లుండాలి, వాటిని మోసే మనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పంతులు కొత్త జంటకు అరుంధతిని చూపించే వేళ లైట్లు గోడచాటుకు చేర్చి వాకిలి చీకటి చేయడమూ అతని పనే. ఆ చీకట్లో తనూ తలెత్తి చూసుకునేవాడు.

ఈ ఎండాకాలం చూస్తే వశిష్ఠుడొక్కడే ఉన్నాడు. పక్కన అరుంధతి లేదు! అరుంధతి కనబడనివాడు ఆర్నెల్లకు మించి బతకడని ఊళ్లో చిన్నపిల్లలు కూడా అంటారు. పోతయ్య భార్య ముత్తక్కకు చెప్పలేక లోలోపలే కుమిలిపోయాడు.

ఆ సాయంత్రం సైన్సు మాస్టారు వెంకటరామారావు కూతురి పెళ్లి. తోకచుక్క కోసం బడికి తెప్పించిన దూరదర్శినిని మాస్టారు ఏకంగా పెళ్లివాకిట్లో నిలబెట్టాడు. పంతులు మూతి ముడిచాడు. అయినా జంట చూసింది, చుట్టాలంతా చూశారు.

అందరూ అయ్యాక పోతయ్య నసిగాడు. "సారూ, నేనొక్కపారి సూడొచ్చునా?"

"రావయ్యా, అడగాలా?"

మసిచేత్తో ఇత్తడి కట్టు పట్టుకుని కన్ను ఆనించాడు. అమ్మో! వశిష్ఠుడు ఒకడు కాదు, ఇద్దరు.

"ఆ రెండో చిన్నచుక్క ఉందే, దాని ఒళ్లే వింత," అన్నాడు మాస్టారు. "పైపొరలో సున్నం పాలు తక్కువ, ఇనుము పాలు ఎక్కువ."

"ఇనుమా! గంత దూరం ఎవలు పోయి సూసొచ్చిన్రు సారూ?"

"ఎవరూ పోలేదు. వెలుగును విడదీస్తే అందులో ఏముందో తెలుస్తుంది. మంటలో ఉప్పు పడితే పసుపుపచ్చగా మండదూ, అలాగే అనుకో."

పోతయ్య మళ్లీ కన్ను ఆనించాడు. తన గొడ్డలిలో ఉన్న ఇనుమే అంత ఎత్తున వెలుగుతోందా! చావుభయం ఎటు పోయిందో పోయింది. చూస్తుండగా ఓ పక్కన మూడో చుక్క తగిలింది.

"అదేంది సారూ?"

"అదేనయ్యా అరుంధతి."

ముసలాయన భోరుమన్నాడు.

ఇంటికెళ్లి ముత్తక్కకు ఇనుము సంగతంతా చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది. "అరుంధతి కనబడ్డదా?"

"నీకెట్ల ఎరుక?"

"మొగులు దిక్కు సూసి కండ్లు తుడుసుకుంటాంటే నాకెరుక లేదా? ఎంత గోస పెట్టినవయ్యా!"

వానలు మొదలయ్యాక ఓ తెల్లవారుజామున పోతయ్య నిద్రలోనే పోయాడు. అరుంధతి కనబడి ఉండదని ఊరు గుసగుసలాడింది. ముత్తక్క ఊరుకోలేదు. "నా పెనిమిటి అరుంధతిని సూసే పోయిండు," అని అందరితో అన్నది.

మబ్బు విడిచిన ఓ సాయంత్రం ఆమె మాస్టారి గడప తొక్కింది. "ఆ ఇనుప సుక్క నాక్కూడ సూపియ్యి సారూ."

పెళ్లినాటి నుంచి మూలనున్న దూరదర్శినిని మాస్టారు బయటికి తెచ్చాడు. కన్ను ఆనించే ఇత్తడి కట్టు మీద నల్లటి మసి. తుడవబోయాడు.

"వద్దు సారూ, ఉండనియ్యి."

ముత్తక్క ఆ మసి మీదే కన్ను ఆనించి చాలాసేపు చూసింది. ఆమె వెళ్లాక చూస్తే, ఇత్తడి కట్టు మీద మసి సగమే మిగిలి ఉంది.