అత్తమ్మకు బదులు రాజక్క

బాత్రూంలో జారిపడి మా అత్తమ్మ మొగిలమ్మ కుడి చెయ్యి విరిగింది. విరిగిన ఎముక అతుక్కుంది గానీ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. "ఈ రెండు మూడు నెలల్లో తిప్పితేనే తిరుగుతుంది. ఇప్పుడు వదిలేస్తే ఇక అంతే" అన్నాడు ఎముకల డాక్టరు. ఆ మాట నేను ఇంట్లో రోజూ జపం చేస్తున్నాను, వినే నాథుడు లేడు.

ఆమె తల దువ్వేది నేను, కొప్పు వేసేది నేను, జాకెట్ తొడిగేది నేను. ఇంట్లోనే మిషన్ కుడతాను కాబట్టి ఆమె జాకెట్లన్నిటికీ చంకలు విప్పి వదులు చేసింది కూడా నేనే. స్నానం చేయించేటప్పుడు ఆమె గోడ వైపు తిరిగి నిలబడుతుంది. ఒకరి చేతి మీద ఏనాడూ ఆధారపడని మనిషికి అది ఎంత చిన్నతనమో నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆమె మీద అంత కోపం.

మా వీధి చివరి పార్కులో ఓపెన్ జిమ్ పెట్టారు. అందులో భుజాల కోసమే ఒక ఇనుప చక్రం ఉంది, నిలబడి పట్టుకుని తిప్పాలి. డాక్టరును అడిగితే "మంచిదే, మెల్లగా తిప్పించండి" అన్నాడు. దేవుడే పంపాడనుకున్నాను. చక్రాన్ని పంపిన దేవుడు అత్తమ్మకు బుద్ధి పంపడం మరిచిపోయాడు.

మొదటి రోజు ఆమెను చక్రం ముందు నిలబెట్టాను. కింది నుంచి మీది దాకా చూసింది.

"దీన్ని తిప్పితే ఏమత్తది?"

"ఏం రాదు అత్తమ్మా. నీ చెయ్యి లేస్తది."

"నీళ్లు గూడ రావా?"

"రావు."

"మరి ఉత్తగ తిప్పుడేంది, పిచ్చోళ్ల లెక్క."

పక్కన కాళ్లతో తొయ్యాల్సిన మిషన్ మీద ఒక పెద్దాయన చెప్పులు విడిచి, కాలు మీద కాలు వేసుకుని పేపర్ చదువుతున్నాడు. జర లేస్తారా, మా అత్తమ్మకు చూపించాలి అంటే "కూసుంటానికి ఇంకో జాగ లేదమ్మా" అన్నాడు. అదీ నిజమే, పార్కులో బెంచీలు వేయలేదు. ఇక ఆరోగ్యాలు ఎట్లా బాగుపడతాయి?

అత్తమ్మ బతుకంతా ధర్మసాగర్ దిక్కు పొలాల్లో నాట్లేసింది, కలుపు తీసింది. పని చేస్తే పొద్దుగూకే సరికి అది కంటికి ఆనాలి. కంటికి ఆనని పని ఆమె లెక్కలో పనే కాదు. మా ఆయన ఓంప్రకాశ్ "అమ్మను జర బతిమాలు" అని నాకు అప్పజెప్పి డ్యూటీకి పోతాడు. కొడుకుగా ఆయన చేసిన సేవ అంతే.

బతిమాలాను, అరిచాను, అలిగాను. చివరికి ఒక పొద్దున ఆమే చెప్పులేసుకుని "పోతాన. రాజక్క తోడుంటది" అంది. రాజక్క వెనక గల్లీలో కూతురింట్లో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే గుంపులో నాట్లకు పోయినవాళ్లు. నాకు పెళ్లివాళ్ల బ్లౌజులు నెత్తి మీద ఉన్నాయి, సరేనన్నాను. అలా వారం రోజులు పోయి వచ్చింది. "తిప్పినవా?" అంటే "అయింది" అనేది. అబద్ధమాడే మనిషి కాదు. కానీ చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక లేవదేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒక రోజు దారాలకు పోతూ పార్కులోకి తొంగి చూశాను. రాజక్క కొంగు నడుముకు చెక్కి, చెమటలు కక్కుతూ చక్రం తిప్పుతోంది. అత్తమ్మ గడ్డిలో కూర్చుని ఆకూవక్కా నములుతోంది.

"ఏంది రాజక్కా ఇది?"

"మీ అత్త బదులు చేత్తాన బిడ్డా. ఆమెకు చెయ్యి నొత్తాందట."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. దగ్గర్లో గోడ లేదు.

వాళ్ల ఊళ్లలో అదొక పద్ధతి. నా మడిలో నువ్వు నాటేస్తే నీ మడిలో నేను వేస్తాను. నేను రాలేని రోజు నా బదులు ఇంకొకరు దిగుతారు, ఆ రోజును నేను మళ్లీ పనితోనే తీర్చాలి. పొలంలో బాగానే ఉంటుంది. ఆ పద్ధతిని భుజం నొప్పికి తెచ్చి అంటించింది మా అత్తమ్మ ఒక్కతే.

"డాక్టర్ నీకు రాసిన గోళీ రాజక్క మింగితే నీ జ్వరం తగ్గుతదా అత్తమ్మా?"

"పని పనే గద. నేను పోలేనినాడు ఇదే నా మడిల నాటేసింది. నాటు బతుకలేదా?"

నేను ఓడిపోయాను. ఓడిన కోపంలోనే అన్నాను.

"సరే. మరి రాజక్క బదులు ఎప్పుడు తీరుస్తవ్?"

అత్తమ్మ దవడ ఆగిపోయింది. రాజక్క చక్రం వదిలేసింది.

"అవ్ మొగిలీ. వారం దినాలాయె. రేపటి సంది నాది నువ్వు తిప్పాలె."

జ్వరంతో వణుకుతూ కూడా బదులు తీర్చిన మనిషి అత్తమ్మ. ఎగ్గొట్టినవాళ్లను గుంపులోకి రానిచ్చేది కాదట. తెల్లారి నోరెత్తకుండా చక్రం పట్టుకుంది. చెయ్యి కొంచెం లేచేసరికి ముఖం నల్లబడింది. కొంగు పళ్ల మధ్య పెట్టుకుని తిప్పింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"చాలు అత్తమ్మా" అన్నాను.

"ఉండు. ఇది నాది గాదు, రాజక్కది. దాని పని సగం ఇడిసిపెట్టద్దు."

నలుగురిలో ఏడవలేక గడ్డిలో కూర్చుందన్నమాట ఇన్నాళ్లూ. పాపమనిపించింది. వెంటనే మళ్లీ కోపమూ వచ్చింది. ఇంత నొప్పి అని నాకొక్క మాట చెప్తే ఏం పోయింది?

వారం తిరిగే సరికి "తీరింది" అని ఇంట్లో కూర్చుంది. చెయ్యి ఇంకా గడ్డం దాకానే వచ్చింది. నా బతిమాలుడు, అరుపులు మళ్లీ మొదటికొచ్చాయి. రెండు రోజులు చూసి, మూడో పొద్దున రాజక్క చెమటలు తుడుచుకుంటూ మా గడపలో నిలబడింది.

"మొగిలీ, ఇయ్యాల నీది గూడ చేసచ్చిన. రేపు నాది చెయ్యి."

"నిన్నెవరు చెయ్యమన్నరే" అని అత్తమ్మ లేచేలోపే ఆమె గల్లీ మలుపు తిరిగింది.

"అడగకుంట చేత్తే అది బదులెట్లయితది? నువ్వే నాయం చెప్పు యమునా."

"మీ పొలాల లెక్కలు నాకేం తెలుసు" అన్నాను. తెల్లారి తిట్టుకుంటూ పోయి తిప్పింది. మర్నాడు మళ్లీ రాజక్క చేసి వచ్చింది. ఆ మర్నాడు ఈమె తిట్టుకుంటూ పోయింది. రోజు విడిచి రోజు ఇదే గోల. ఇద్దరు ముసలివాళ్ల తగువులో నా బ్లౌజులకు చేతులు తారుమారవుతున్నాయి.

ఈ రోజు పొద్దున వాకిట్లో అత్తమ్మ గొంతు మోగిపోతోంది.

"ఇయ్యాల దాని కన్న ముందుగాల పోయి, నాది దానిది రెండూ నేనే చేసత్త. అప్పుడు అదే నాకు బదులు పడ్తది. సూత్త దాని సంగతి."

అంటూనే దండెం మీద ఆరేసిన తువ్వాలను కుడి చేత్తో లాగి భుజాన వేసుకుంది. దండెం ఆమె తల కంటే ఎత్తులో ఉంది. ఆ సంగతి ఆమె చూసుకోలేదు, తిట్టడంలోనే ఉంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఒక్క మాటన్నానంటే "లేచింది గద, ఇగ ఎందుకు" అని కూర్చుంటుంది. నోరు మూసుకుని మిషన్ తొక్కుతూనే ఉన్నాను. ఈ ఇంటికి వచ్చాక నేను నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి.