కుర్చీ వచ్చేదాకా

ఆమె రాతలు చదివేవాళ్ళకి ఆమె చక్రవర్తినిగానే తెలుసు. చక్రాల కుర్చీలో ఊళ్ళన్నీ ఏలుకుంటూ తిరిగేదాన్ని చక్రవర్తిని అనక ఇంకేమంటారని, బ్లాగు మొదలుపెట్టిన రోజున తనే సరదాకి పెట్టుకున్న పేరది. పసితనంలో వచ్చిన జ్వరం నడుము కింది సత్తువంతా లాగేసింది. అయినా ఆమె ఎక్కని రైలు లేదు, తిట్టని స్టేషన్ మాస్టరు లేడు. తక్కిన యాత్రికులు సూర్యోదయాల గురించి రాస్తే ఆమె స్నానాల గది తలుపు ఎంత వెడల్పుందో రాసేది. ఏ మ్యూజియంలో లిఫ్టును చీపుళ్ళు దాచుకోవడానికి వాడుతున్నారో, ఏ హోటలువాళ్ళు ఫోన్లో "మెట్లు లేవండీ" అని, తీరా వెళ్ళాక "రెండే మెట్లు కదండీ" అంటారో ఫొటోలతో సహా పెట్టేది. రెండే మెట్లు! ఆ మాట వింటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది.

ఈసారి తోడుగా అక్క వచ్చింది. అక్క పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. "నలుగురూ ఏమనుకుంటారు" అన్నది ఆవిడకి ఊపిరితో సమానం. "ఎప్పుడూ ఎక్కడెక్కడో తిరిగి అందరితో తగాదాలు పెట్టుకుంటావు. అసలేం చేస్తావో ఒక్కసారి చూడాలే" అని సెలవు పెట్టి బయల్దేరింది. కొండల మధ్య ఓ సరస్సు ఉందనీ, దాని చుట్టూ చక్రాలకు అనువైన దారి వేశారనీ ఎవరో రాశారు. అది నిజమో, ఉత్త కోతలో తేల్చాలని ప్రయాణం.

విమానం ఆగింది. అందరూ పెట్టెలు దింపుకుని వెళ్ళిపోయారు. అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. కుర్చీని విమానం తలుపు దగ్గరికే తెచ్చిస్తామని టికెట్ కొన్నప్పుడూ చెప్పారు, ఎక్కేముందూ చెప్పారు. ఎయిర్ హోస్టెస్ నవ్వుమొహంతో వచ్చింది.

"మేడమ్, మీ కుర్చీ పొరపాటున సామాన్ల హాల్లోకి వెళ్ళిపోయింది. మా కుర్చీ తెప్పించాం. అందులో అక్కడిదాకా తీసుకెళ్తాం."

తలుపు దగ్గర పెట్టిన ఆ కుర్చీ వంక చక్రవర్తిని చూసింది. గుడ్డ సాగిపోయి జోలెలా వేలాడుతోంది. చక్రాలు బొమ్మకారువి. వెనకనుంచి ఎవరైనా తోస్తే తప్ప అంగుళం కదలదు. ఆమె కుర్చీ ఆమె నడుముకి కొలత తీసి చేయించుకున్నది. వేరేదాంట్లో కూర్చుంటే ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోతుంది, చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. అలా పడిన పుండుతో ఒకసారి నెల పైనే మంచం దిగలేదు.

"నా కుర్చీ తెప్పించండి. అది వచ్చేదాకా నేను దిగను," అంది.

కాసేపటికి చేతిలో వాకీటాకీతో ఒక ఆఫీసరు వచ్చాడు. వచ్చినవాడు చక్రవర్తిని వంక చూడనైనా చూడలేదు. అక్కతో మొదలుపెట్టాడు.

"ఆవిడ కొంచెమైనా నడవగలరా అమ్మా? కాస్త మీరు నచ్చజెప్పండి. తర్వాతి ప్రయాణికులు కింద ఎదురుచూస్తున్నారు."

"నా చెవులు బాగానే పనిచేస్తాయి సార్," అంది చక్రవర్తిని. "పనిచెయ్యనివి కాళ్ళు. ఏదైనా ఉంటే నాతో చెప్పండి."

"కొంచెం సహకరించండి మేడమ్."

"సహకరిస్తున్నాను కదా. కదలకుండా కూర్చున్నాను."

ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. ఊడ్చేవాళ్ళు వచ్చి, సీట్ల కింద కాగితాలు ఏరుతూ ఆమె వరస దగ్గర ఆగి, పక్కనుంచి దాటిపోయారు. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, చెల్లెలి చెవి దగ్గరికి వంగింది.

"పోనీలేవే, పది నిమిషాల పని. అందులో కూర్చో. వీళ్ళంతా మనల్నే చూస్తున్నారు."

చక్రవర్తినికి ఆఫీసరు మీద కంటే అక్క మీద ఒళ్ళు మండింది. ఆ "పోనీలేవే" ఈనాటిది కాదు. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ సర్కస్‌కి వెళ్తున్నా, ఎవరింటికైనా వెళ్తున్నా, "పోనీలేవే, నువ్వు ఇంట్లో ఉండు, వచ్చి అంతా చెప్తాగా" అనేది అక్కే. నిజంగానే వచ్చి చెప్పేది. ఏనుగు ఎలా కూర్చుందో, ఎవరు ఏ రంగు బట్టలు కట్టుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. ఇంకొకరి కళ్ళతో చూసినవి వినీ వినీ పెరిగిన పిల్ల, ఉద్యోగంలో మొదటి జీతం చేతికొచ్చిన నెలలోనే టికెట్ కొనుక్కుని రైలెక్కింది. అక్కడినుంచి మళ్ళీ ఆగలేదు.

"నువ్వు దిగిపో అక్కా. నేను మాత్రం దిగను," అంది పళ్ళ బిగువున.

ఆఫీసరు వాకీటాకీలో ఏదో గొణిగాడు. ఇద్దరు సెక్యూరిటీ మనుషులు లోపలికొచ్చారు. అందులో పొడుగువాడు ఒక్క మాటైనా అడగకుండా, సీట్లోంచి మూట తీస్తున్నట్టు, ఆమె చంకల కింద చేతులు పెట్టాడు.

"చెయ్యి తియ్!"

అరిచింది అక్క. ఆ గొంతు ఆవిడదేనని చక్రవర్తినికి ఒక్క క్షణం తెలియలేదు. పొడుగువాడు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరనుకుని పట్టుకుంటున్నావు? ఆడమనిషి ఒంటి మీద చెయ్యి వేసేముందు అడగాలని నీకు మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా? ఏమయ్యా ఆఫీసరూ, గుడ్లప్పగించి చూస్తావేం? నీ కాళ్ళు తీసి సామాన్ల హాల్లో పడేసి, ఇవిగో వేరేవాళ్ళవి తగిలించుకుని రా అంటే వస్తావా? ఇందాకట్నుంచీ చూస్తున్నా. అది మనిషి! నీ ఎదురుగా కూర్చుంది! దాంతో మాట్లాడు!"

ఆ కేకలకి పైలట్ గదిలోంచి బయటికొచ్చాడు. తలనెరిసిన మనిషి. సంగతేమిటని చక్రవర్తినినే అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన ఆఫీసరు వైపు తిరిగి, "హాలు ఎంత దూరమని? వెళ్ళి తీసుకురండి," అన్నాడు.

కుర్చీ వచ్చింది. అప్పుడు తెలిసింది అది ఎందుకు రాలేదో.

ఎడమ చక్రం అప్పడంలా వంగిపోయి ఉంది. చేతులాన్చుకునే కమ్మీ ఊడి, సీటు మీద పడుంది. దాని మీద ఎవరో బరువైన పెట్టెలు పేర్చారు. పొరపాటూ లేదు, మరొకటీ లేదు. విరిగిందని వీళ్ళకి ముందే తెలుసు. ఆమెని మెల్లగా హాలుదాకా తోసుకుపోయి, అక్కడ ఇంకెవరికో అప్పగించి చేతులు దులుపుకుందామనుకున్నారు. చక్రవర్తిని ఆ కమ్మీని ఒళ్ళో పెట్టుకుని ఆఫీసరు మొహంలోకి చూసింది. ఫిర్యాదు ఎక్కడ రాయాలో చూపించమంది. అక్క ఎడమ పక్క ఎత్తిపట్టి తోస్తే, ఆ విరిగిన కుర్చీలోనే వెళ్ళింది.

ఫిర్యాదుల బల్ల దగ్గర ఉన్న అమ్మాయి "లగేజి ఏం దెబ్బతింది మేడమ్?" అని అడిగింది.

"లగేజి కాదమ్మా. నా కాళ్ళు విరగ్గొట్టారు. అలా రాసుకో."

"అలా రాయడానికి వీలుండదు మేడమ్."

"వీలుండదు. విరగ్గొట్టడానికి మాత్రం వీలుంటుంది!"

హోటల్ గదిలో ఆమె మంచం మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద లేచి రాసింది. మామూలుగా ఏ ఊరి గురించైనా నిమ్మళంగా రాసే మనిషి, ఆ రోజు కీబోర్డు మీద వేళ్ళు విరుగుతాయేమో అన్నట్టు కొట్టింది. రాసింది అక్క చేతికిచ్చింది. అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఒక చోట ఆగింది.

"ఇక్కడ 'దురదృష్టవశాత్తు' అని రాశావేమిటే? దురదృష్టమేమిటి వాళ్ళ తలకాయ! తీసెయ్."

తీసేసింది. టపా బ్లాగులోకి ఎక్కింది. తెల్లారేసరికి వేలమంది పంచుకున్నారు. మధ్యాహ్నం కంపెనీ తరఫున ఒకాయన ఫోన్ చేశాడు. గొంతు తేనె పూసినట్టుంది. మీకూ మీ అక్కగారికీ ఎక్కడికి కావాలంటే అక్కడికి ఉచితంగా టికెట్లు ఇస్తామన్నాడు. మీ రాతలు తన భార్య కూడా చదువుతుందన్నాడు. ఆ ఒక్క టపా తీసేస్తే బాగుంటుందన్నాడు.

"ఎక్కడికైనానా?" అంది చక్రవర్తిని.

"ఎక్కడికైనా మేడమ్!"

"ఎలా వెళ్ళమంటారు? పాక్కుంటూనా?"

ఫోన్ మంచం మీదికి విసిరికొట్టింది. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"నేనైతే దిగిపోయేదాన్ని," అంది అక్క ఉన్నట్టుండి. "ఆ కుర్చీలోనే కూర్చుని, థాంక్సండీ అని కూడా చెప్పి వచ్చేదాన్ని."

"తెలుసు. నన్ను ఇంట్లో వదిలేసి వెళ్ళినప్పుడు కూడా మీరంతా అంత మర్యాదగానే వెళ్ళేవాళ్ళు."

"నిన్ను ఎత్తుకుని తిరిగితే నలుగురూ నీ వంక జాలిగా చూస్తారని... నీకు బాధని..."

"బాధ నాకా, మీకా?"

అక్క కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "మాకే," అంది చివరికి. క్షమించమని అనలేదు. చక్రవర్తిని కూడా పోనీలే అనలేదు. ఇద్దరూ టీ తాగారు.

మర్నాడు హోటల్ పక్కనున్న సైకిల్ షాపతను చక్రాన్ని కొంత సరిచేసి, ఇంతకంటే తనవల్ల కాదన్నాడు. ఊడిన కమ్మీ చోట అక్క తువ్వాలు చుట్టి కట్టింది. ఇద్దరూ సరస్సు దారి పట్టారు. చక్రం తిరిగినప్పుడల్లా ఫ్రేముకి రాసుకుని కీచుమంటోంది. సగం దూరం వెళ్ళేసరికి చక్రవర్తిని నడుం పట్టేసింది. అక్కడ, రెండు గోడల మధ్యనుంచి, నీళ్ళు వేలెడంత కనిపిస్తున్నాయి. వెనక్కి తిరగాల్సిందే.

"నేను పరిగెత్తుకెళ్ళి చూసొచ్చి..." అని అక్క నాలుక కరుచుకుంది.

చక్రవర్తిని కస్సుమని చూసింది. ఆ చూపుకి అక్క బిక్కచచ్చిపోయింది. ఇద్దరిలో ఎవరికి ముందు నవ్వొచ్చిందో తెలియదు కానీ, నవ్వుతూనే చక్రవర్తిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చిన నీళ్ళే.

కొత్త కుర్చీ కంపెనీ చేయించి ఇచ్చింది, కానీ కొలతలు ఒకటికి రెండుసార్లు తప్పుగా తీసి, ఆమెని మూడు నెలలు మంచానికే కట్టిపడేశాక. దాంతోపాటు వచ్చిన కాగితంలో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఉంది. అసౌకర్యమట! దాన్ని ఫొటో తీసి పాత టపా కిందే అతికించింది. చదివినవాళ్ళు మీరెంత ధైర్యవంతులండీ, మాకు స్ఫూర్తి అని పొగిడారు. "ధైర్యం కాదు, ఒళ్ళుమంట. మీకూ రావాలి," అని ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసింది.